మా పెరట్లో కంద పూసిన రోజు

బోధన్‌లో మా ఇంటికీ పక్కింటికీ వెనకవైపు గోడ లేదు. ఒకప్పుడు మట్టిగోడ ఉండేదట. మేం ఆ ఇంట్లోకి వచ్చేనాటికే ఏదో ముసురులో కూలిపోయి పునాది రాళ్లు మాత్రం మిగిలాయి. మొదటి ఏడాది నేను మళ్ళీ కట్టిద్దామన్నాను. పక్కింటి పెద్దాయన నవ్వారు. "ఎందుకు మాష్టర్‌సాబ్, గాలి అటూ ఇటూ తిరగాలె గద" అన్నారు. ఆయనకు గాలితోనే పని. బజార్లో అత్తర్ల దుకాణం ఉంది. వాళ్ల తాత నాటి నుంచీ అదే వ్యాపారం. నా భార్య ఆయన్ని చాచా అంటుంది, ఆయన భార్యను ఖాలమ్మ అంటుంది. నేనూ అలాగే పిలుస్తాను. గోడ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

నా భార్యది వేల్పూర్. పసుపు పండించే ఇంట్లో పుట్టింది. బస్తా మూతి విప్పగానే ఇది ఈ ఏటి పసుపా, నిరుటి పసుపా, కొమ్ములు సరిగ్గా ఉడికాయా లేదా చెప్పేసేది. పెళ్ళయిన కొత్తలో నేను దీన్ని అంతగా పట్టించుకోలేదు. నేను బడిలో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. ముక్కు ఎలా పని చేస్తుందో బొమ్మ గీసి, భాగాలకు పేర్లు రాసి చూపించగలను. కానీ ఆమె ముక్కు ముందు నా బొమ్మ ఎంత పేదదో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పిల్లలు కాస్త పెద్దయ్యాక ఆమె ముందుగదిలో చిన్న గిర్ని పెట్టుకుంది. జొన్నలు, గోధుమలు, మిరపకాయలు, పసుపు కొమ్ములు, మసాలాలు అన్నీ పట్టేది. వీధిలో ఆడవాళ్లు డబ్బా ఇచ్చి వెళ్లిపోయేవారు, దగ్గరుండి చూసేవారు కాదు. అంత నమ్మకం. ధనియాలు కొంచెం ఎక్కువ వేగితే పట్టకముందే చెప్పేది, "అక్కా, ఇయ్యి మాడినయి, కూర చేదైతది" అని.

ఆమె ముక్కు సంగతి నాకంటే ముందు కనిపెట్టింది చాచా. కొత్త సరుకు వస్తే దుకాణంలో పెట్టకముందే మా ఇంటికి తెచ్చేవారు. చిన్న పుల్లకు దూది చుట్టి, సీసాలో ముంచి, ఆమె చేతికి ఇచ్చేవారు. ఆమె కళ్ళు మూసుకునేది. "ఖస్, వట్టివేళ్లది, మంచిగుంది చాచా. కాని దీంట్ల ఇంకేదో కలిపిండ్రు. నిమ్మకాయసొంటిది" అనేది. చాచా గెడ్డం నిమురుకుంటూ నావైపు చూసి, "నాకు యాభై ఏండ్లు పట్టింది మాష్టర్‌సాబ్, బేటీకి పుట్టుకతోటే వచ్చింది" అనేవారు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మా ఇంటికీ వచ్చింది. నాకు నాలుగు రోజుల జ్వరంతో పోయింది. ఆమె పన్నెండు రోజులు మంచంలో ఉంది. లేచింది, నడిచింది, తింటోంది, అంతా బాగయిందనుకున్నాం. ఒకరోజు పొద్దున పాలు పొంగి, మాడి, వంటిల్లంతా పొగ కమ్మింది. ఆమె పొయ్యికి బారెడు దూరంలో కూర్చుని కూరగాయలు తరుగుతోంది. నేను పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పితే తలెత్తి, "ఏమైంది?" అంది.

వాసన పోయింది. కొన్నాళ్లకు వస్తుందని డాక్టర్ అన్నాడు. కొందరికి వచ్చింది కూడా. ఆమెకు రాలేదు. ఆరు నెలలు చూశాం. ఏడాది చూశాం. వాము, లవంగం, ఇంగువ, ఎవరేం చెబితే అది పీల్చింది. చివరికి, "గాలి తప్ప ఏం లేదు" అనేది.

ఆ ఏడే ఒక ఇంటి పెళ్లి మసాలా మాడ్చింది. గిర్ని రాయి వేడెక్కి పొడి నల్లబడుతున్నా ఆమెకు తెలియలేదు. డబ్బా తీసుకున్న మనిషి అలాగే ఇంటికి పట్టుకెళ్లింది. మర్నాడు ఆ డబ్బా అలాగే మా గుమ్మం పక్కన పెట్టి ఉంది. ఆ రోజు నుంచి ఆమె మసాలాలు, మిరపకాయలు, పసుపు పట్టడం మానేసింది. జొన్నలు, గోధుమలు మాత్రమే పట్టేది.

చాచా మాత్రం మానలేదు. వారానికోసారి దూది పుల్ల తెచ్చేవారు. ఆమె పీల్చి తల అడ్డంగా ఊపేది. ఒకరోజు ఎందుకో, ఆయన ముఖం చూసి జాలేసిందో ఏమో, "వస్తుంది చాచా. కొంచెం వస్తుంది. గులాబేనా?" అంది. ఆయన "హా బేటీ, గులాబే" అని గబగబా వెళ్లిపోయారు. ఆ సాయంత్రం వీధిలో కనిపిస్తే నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ దూదికి ఏం లేదు మాష్టర్‌సాబ్. పొద్దున సీసా మూత రాలే. ఊరికె నీళ్లల్ల ముంచిన. ఎట్లాగు ఆమెకు తెల్వదు గద అని, ఎప్పటి లెక్కనే ఇచ్చిన" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఆయన దూది తేలేదు. ఎందుకు తేలేదో నా భార్య అడగలేదు.

ఇక కంద సంగతి.

అది మా ఇంటికి రావడం ఇంకా పాత మాట. నా భార్య వాళ్ల అన్న పొలం గట్టు సరిచేస్తుంటే, గుట్ట మొదట్లో మోదుగు చెట్ల కింద ఒక గడ్డ దొరికిందట. రెండు పిడికిళ్లంత ఉంది. చెల్లెలి ఇంటికొస్తూ సంచిలో వేసుకొచ్చాడు. "అడవి కంద" అన్నాడు. మా దిక్కు కందగడ్డ అంటే చిలగడదుంప, తియ్యగా ఉడకబెట్టుకుని తినేది. అందుకని నేను ఉత్సాహంగా చెయ్యి చాచాను. "తింటవా బావా? గొంతు కోసుకపోతది. ఇది గా కంద గాదు. పాతిపెట్టుండ్రి, ఆకు సక్కగుంటది" అని నవ్వాడు.

రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న పెరట్లో ఒక మూల సీతాఫలం చెట్టుంది. దాని కింద ఎప్పుడూ నీడ, రాలిన ఆకుల మెత్త. అక్కడ పాతింది. మిరుగు కార్తె దాటి వానలు పడ్డాక ఒకే ఒక కాడ లేచింది. ఆకుపచ్చ మీద తెల్ల మచ్చలు, తాకితే గరుకు. ఖాలమ్మ మొదటిసారి చూసి పామనుకుని కేకేసింది. ఆ కాడ పైన గొడుగులా ఒక్క ఆకు విచ్చుకుంది. చలికాలం వచ్చేసరికి అది వాలి, ఎండి, మట్టిలో కలిసిపోయింది. మళ్ళీ వానకు మళ్ళీ ఒక్క ఆకు. ప్రతి ఏడూ కొంచెం ఎత్తు పెరిగేది, అంతే.

"ఇది పూయదా?" అని ఒకసారి నా భార్య అడిగింది.

"పూయదు. ఇది గడ్డజాతి, ఆకే దీని బతుకు" అన్నాను. పుస్తకంలో చూసి కాదు, ఏ ఏడూ పూయలేదు కాబట్టి చెప్పాను. ఇరవై రెండేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాడికి ఇలాంటి ధైర్యం సులువుగా వస్తుంది.

ఆమెకు వాసన పోయిన రెండేళ్లకు, రోహిణి కార్తెలో ఎండలు మండిపోతుండగా ఒక సాయంత్రం గాలిదుమారంతో పెద్ద వాన పడింది. వారం తిరిగేసరికి సీతాఫలం కింద మట్టి పగిలింది. లోపలి నుంచి ముదురు రంగు మొన ఒకటి బయటికొచ్చింది. ఆకు మొలక సన్నగా వస్తుంది, ఇది లావుగా ఉంది. నా భార్య రోజూ పొద్దున్నే అక్కడ కూర్చుని చూసేది. ఐదారు రోజుల్లో అది పిడికిలంత అయింది, తర్వాత క్యాబేజీ అంత అయింది. పైన పొరలు పొరలుగా చుట్టుకుని, నేలకు ఆనుకునే ఉంది.

"ఈసారి ఆకు పెద్దదొస్తది" అన్నాను.

"ఇది ఆకు గాదు" అంది.

ఆ ఆదివారం చాచా మనవరాలి మంగ్నీ, అంటే నిశ్చితార్థం. పెళ్లికొడుకు వాళ్లది మహారాష్ట్రలోని ధర్మాబాద్. మధ్యాహ్నం భోజనాలకు యాభై మంది వస్తారు. పెరటి నిండా షామియానా వేసి, వంటలు ఒక పక్క, కుర్చీలు ఒక పక్క పెట్టాలని అనుకున్నారు. శనివారం మధ్యాహ్నం నుంచే రెండిళ్లలో హడావిడి. నేను కర్రలు పాతడానికి సాయం చేస్తున్నాను. ఖాలమ్మ బిర్యానీ గిన్నెలు కడిగిస్తోంది. పెళ్లికూతురు గోరింటాకు చేతులతో ఏ పనీ ముట్టుకోకుండా అందరికీ పనులు చెబుతోంది.

నాలుగు దాటాక మొదలైంది. ముందు సన్నగా వచ్చింది. నేను చెప్పు కింద చూసుకున్నాను. పది నిమిషాలకు ఎవరికీ సందేహం లేకుండా పోయింది. ఏదో చచ్చింది. చచ్చి రెండు రోజులయింది.

"అల్లా, రేపే మంగ్నీ, ఇయాల్నే చావాల్నా!" అని ఖాలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పందికొక్కు అయి ఉంటుందని కట్టెల కుప్ప అంతా తీయించింది. కట్టెల కింద ఏమీ లేదు. నేను మురుగు పారే మోరీ మీది బండలు ఎత్తాను. అక్కడ మామూలు మోరీ వాసనే ఉంది, దీని ముందు అది నయమనిపించింది. షామియానా మనుషులు తాళ్లు వదిలేసి వీధిలోకి వెళ్లి నిలబడ్డారు. చాచా దుకాణం నుంచి వస్తూనే వాకిట్లోనే ఆగిపోయారు. జేబులోంచి అత్తరు రుమాలు తీసి ముక్కు మూసుకుని, "యా అల్లా, క్యా మర్‌గయా? ఏం చచ్చింది?" అన్నారు.

మేమంతా అలా వెతుకుతుంటే నా భార్య ఒక్కతే ఏమీ తెలియనట్టు సీతాఫలం వైపు వెళ్లింది. ఆమెకు ఏమీ తెలియదు నిజంగానే. మొలక చూడటానికి వెళ్లింది. అక్కడ ఆగింది. తర్వాత ఆమె గొంతు వినిపించింది, గట్టిగా కాదు.

"ఏమండీ, గిటు రాండ్రి. జల్ది రాండ్రి."

ముక్కు మూసుకుని వెళ్లాను. ఆమె పక్కన నిలబడగానే ఆ వాసన ఎక్కడి నుంచి వస్తోందో తెలిసింది. అయినా ఒక్క క్షణం ముక్కు మీది చెయ్యి తీసేశాను, మరిచిపోయి.

పొద్దున ముడుచుకుని ఉన్నది విచ్చుకుంది. నేల మీద మూరెడు వెడల్పున, గరాటాలాగా ఒక్కటే పెద్ద రేకు. అంచులు గౌను కుచ్చుల్లా వంపులు తిరిగి మట్టిని ఆనుకుని ఉన్నాయి. బయటి వైపు లేత ఆకుపచ్చ, తెల్లటి మచ్చలు. లోపలి వైపు ముదురు వంకాయ రంగు. లోతుకు పోయేకొద్దీ నలుపు తిరిగి, తడిగా మెరుస్తోంది. దాని నడిమధ్యలోంచి, నా రెండు చేతులు కలిపినా పట్టనంత లావుగా ఒక బుడుపు లేచి ఉంది. ముడతలు ముడతలుగా, ముదురు ఎరుపులో. ఏ పువ్వులోనూ నేను అలాంటిది చూడలేదు. ఆకు లేదు, కొమ్మ లేదు, కాడ లేదు. నేలలోంచి నేరుగా లేచి నోరు తెరిచినట్టుంది. చుట్టూ ఈగలు, నల్లటి చిన్న పురుగులు ముసురుకుంటున్నాయి. కొన్ని రేకు లోపలికి దిగి మాయమవుతున్నాయి.

నేను పూయదన్నది ఇదే.

నాకు నవ్వు రాలేదు, భయమూ వేయలేదు. గుళ్ళో గర్భగుడి దగ్గర నిలబడ్డప్పుడు చేతులు వాటంతట అవే దగ్గరికొస్తాయి చూడండి, అలా అయింది. ఇన్నేళ్లుగా ఇంత పెద్దది మట్టికింద ఎలా పట్టిందో, పోగేసుకున్నదంతా ఈ ఒక్క సాయంత్రానికి ఎలా బయటపెట్టిందో నాకు అర్థం కాలేదు.

నా భార్య మోకాళ్ల మీద కూర్చుంది. ముఖం పువ్వుకు జానెడు దూరంలో పెట్టింది. మేం ఎవరం అంత దగ్గరికి పోలేం. ఆమె వాన నీళ్లలోకి తొంగిచూసినట్టు ఆ గరాటాలోకి చూస్తోంది. "లోపల పసుపు రంగు పట్టీ ఉన్నది. దాని కింద చిన్న చిన్నగ గింజలసొంటియి ఉన్నయి, మస్తుగున్నయి. మీరు సూస్తలేరా?" అంది.

"సూడలేకపోతున్న" అన్నాను.

చాచా వెనకనే వచ్చారు, రుమాలు ముక్కుకు అదిమిపెట్టి. పువ్వు చూసి వెనక్కి ఒక అడుగు వేశారు. ఖాలమ్మ దూరం నుంచే అరిచింది. "తవ్వి అవతల పారెయ్యుండ్రి! రేపు పెళ్లోల్లు వచ్చి ఏమనుకోవాలె!"

చాచా నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నారు. "మాష్టర్‌సాబ్, ఇది నా ఇజ్జత్ మాట, పరువు పోతది. అత్తర్ల దుకాణపోని ఇంట్ల మంగ్నీకి గిసొంటి బద్బూ అంటే ధర్మాబాద్ల నవ్వుతరు. బేటీతోని జర చెప్పుండ్రి."

ఆయన అడిగిందాంట్లో తప్పులేదు. ఆమె దగ్గరికి వెళ్లాను. చెప్పనక్కర్లేకుండానే ఆమె విన్నది. తల తిప్పకుండా అంది, "చాచా, ఒక్క పూట ఆగు. పొద్దుగాల నువ్వు తీసెయ్యమంటే నేనే తవ్వుత."

"బేటీ..."

"నాకు వాసన రాదు గద చాచా. అందరు ముక్కు మూసుకుంటున్నరు. అది ఎట్లుంటదో నాకెవ్వరు చెప్తలేరు. నువ్వు చెప్పు. నీ లెక్క ఇంకెవ్వరు చెప్పలేరు."

నేను చాచానే చూస్తున్నాను. నెమ్మదిగా రుమాలు ముక్కు మీంచి తీసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. టోపీ సరిచేసుకున్నారు. వచ్చి ఆమె పక్కన, మోకాళ్ల నొప్పితో మూలుగుతూ కూర్చున్నారు. కొత్త సీసా మూత తీసినప్పుడు ఎలా కళ్ళు మూసుకుంటారో అలాగే మూసుకున్నారు. పొట్టి పొట్టిగా మూడుసార్లు పీల్చారు. ముఖం ఒకసారి ముడుచుకుపోయింది, మళ్ళీ విప్పారింది.

"మొదలు కుళ్ళిన మాంసం. గది అందరికీ తెలుస్తది" అన్నారు. "దాని ఎనుక తడిసిన తోలు. వానల నానిన చెప్పులు అరుగు మీద పెడితే అస్తది సూడు, గట్ల."

"ఇంక?"

మళ్ళీ పీల్చారు. "చేపలు. ఎండిన చేపలు, కొంచెమే. దాని ఎనుక... ఆగు బేటీ." ఈసారి ముందుకు ఇంకా వంగారు. "తీపి ఉన్నది. అవును, తీపే. అరటిపండు మాగి మాగి నల్లగైతే అస్తది. గది."

"అడుగున ఏమున్నది చాచా? అడుగున ఏదో ఒకటి ఉండాలె గద."

ఆ మాటకు ఆయన కళ్ళు తెరిచి ఆమెవైపు చూశారు. ఒకప్పుడు వాళ్లిద్దరూ దూది పుల్ల మధ్యన పెట్టుకుని ఇలాగే మాట్లాడుకునేవారు. మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఈసారి చాలాసేపు పట్టింది.

"అడుగున మట్టి. ఊరి మట్టి గాదు. ఆకులు కుళ్ళిన మట్టి, ఎన్నడు ఎండ తగలనిది. మంచిగున్నది, బేటీ. గది ఒక్కటి తీసి సీసాల పెట్టగలిగితే..." అని ఆపేశారు. ఆమె తల ఊపుతూ విన్నది. ఆమె ముఖం చూస్తే ఆ వాసన ఆమెకు అందుతోందనే అనిపించింది.

తర్వాత ఆమె చెయ్యి చాచి ఆ నడిమి బుడుపు మీద అరచెయ్యి ఆనించింది. ఉలిక్కిపడి తీసేసింది. మళ్ళీ పెట్టింది.

"చాచా, ఇది ఎచ్చగున్నది."

"ఏంది?"

"చెయ్యి పెట్టు. జరమొచ్చిన పిల్లల నొసలు లెక్క ఉన్నది."

ఆయన వేళ్లు పెట్టారు. నేనూ ఊపిరి బిగబట్టి వంగి పెట్టాను. ఎండ వాలిపోయి నీడలో మట్టి చల్లబడింది. సీతాఫలం బెరడు చల్లగా ఉంది. ఆ పువ్వు మాత్రం వేడిగా ఉంది. లోపల ఎవరో ఉన్నట్టు, నెత్తురు పారుతున్నట్టు. పొలాల్లో, అడవుల్లో ఇన్ని పూలు ముట్టుకున్నాను. వెచ్చని పువ్వును నేను ఎన్నడూ ముట్టుకోలేదు. అలాంటిది ఉంటుందని ఎవరైనా చెప్పినా నమ్మేవాణ్ణి కాదు.

"సుభానల్లా" అన్నారు చాచా. "ఇది బతికున్నది."

ఖాలమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. చెయ్యి పెట్టి, "అమ్మా!" అని నవ్వేసింది. పెళ్లికూతురు గోరింటాకు చేతులతో ముట్టుకోలేక మోచెయ్యి ఆనించి చూసింది. పొద్దుగూకి మసీదులో మగ్రిబ్ అజాన్ అయ్యాక చాచా లేచారు. వెళ్తూ వెళ్తూ, "పొద్దుగాల సూద్దాం" అన్నారు. తవ్వే మాట మళ్ళీ ఎవరూ అనలేదు. ఖాలమ్మ కిటికీలు మూయించి ఇంటి నిండా ఊదు పొగ వేసింది.

తెల్లవారి నేను లేచేసరికి నా భార్య అప్పటికే అక్కడ ఉంది. నేను వాకిట్లో నిలబడి జాగ్రత్తగా గాలి పీల్చాను. వాసన ఉంది, కానీ పల్చబడింది. రాత్రి గడిచేసరికి దాని బలం సగం పోయింది. చేత్తో ముట్టుకుంటే ఆ వేడి కూడా లేదు. లోపల దాక్కున్న నల్ల పురుగులు ఒక్కొక్కటే పైకి పాకి వస్తున్నాయి. వాటి వీపుల మీద పచ్చటి పొడి. ఆ పసుపు పట్టీ తెల్లారేలోగా పుప్పొడి విడిచింది. అదంతా మోసుకుని అవి సీతాఫలం ఆకుల్లోకి ఎగిరిపోయాయి. దగ్గరలో ఇంకో కంద పువ్వు ఎక్కడా లేదని వాటికి తెలియదు. నాకు వాటిమీద ఎంత జాలేసిందో చెప్పలేను.

తర్వాత పుస్తకాలు వెతికితే తెలిసింది. ఆ పువ్వు గడ్డలో దాచుకున్న పిండినంతా ఒక్క సాయంత్రంలో కాల్చుకుని ఆ వేడిని పుట్టిస్తుందట. ఆ వేడికి వాసన పైకి లేచి దూరం పోతుందట. అర్థమయ్యాక కూడా నా ఆశ్చర్యం తగ్గలేదు. ఇంకాస్త పెరిగింది.

పది గంటలకల్లా బిర్యానీ దమ్ము పెట్టారు. ఆ ఘుమఘుమలో మిగిలిన వాసన కలిసిపోయి, తెలిసినవాళ్లకు తప్ప తెలియకుండా పోయింది. చాచా అయినా ఊరుకోలేదు. వచ్చినవాళ్ల చేతులకు అత్తరు మామూలుకంటే రెండింతలు పూశారు. షామియానా గుడ్డ ఒకటి సీతాఫలం చెట్టుకు అడ్డంగా కట్టించారు.

పెళ్లికొడుకు వాళ్ల నానమ్మ ఒకావిడ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, చేతికర్రతో నడుస్తోంది. భోజనం అయ్యాక చెయ్యి కడుక్కోవడానికి అటువైపు వెళ్లి, గుడ్డ పక్కకు తీసి చూసింది. అది చూసి చాచా గబగబా అటు నడిచారు.

"అరె! యే తో సురణ్ కా ఫూల్ హై!" అని కేక వేసింది ఆవిడ.

వాళ్ల దిక్కు కందను సురణ్ అంటారు. ఆవిడ అక్కడే కుర్చీ వేయించుకుంది. చిన్నప్పుడు గోదావరి అవతలి అడవిలో కట్టెలకు పోయినప్పుడు ఒకే ఒక్కసారి చూసిందట. ఇంటికొచ్చి చెబితే వాళ్లమ్మ నమ్మలేదట. "డెబ్బై ఏండ్లాయె. నేనే కలగన్నాననుకున్న" అంది, ఉర్దూ తెలుగు కలిపి. అందరినీ పిలిచింది. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని, నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి చూశారు. పెళ్లికొడుకు బాబాయి ఒకాయన మాత్రం ఐస్‌క్రీం కప్పు పట్టుకుని వీధి అరుగు మీదికి పోయాడు. అది ఎన్నేళ్లకు పూసిందని, ఎక్కడి నుంచి తెచ్చారని ఆ పెద్దావిడ నా భార్యను అడిగింది. ఈ మాటా ఆ మాటా చెబుతూ నా భార్య రెండేళ్లలో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడింది. తనకు వాసన రాదన్న సంగతి కూడా తానే చెప్పింది. అదివరకు కొత్తవాళ్లకు ఎవరికీ చెప్పేది కాదు.

నాలుగో రోజుకు పువ్వు మెత్తబడి ఒక పక్కకు ఒరిగింది. రేకు నల్లబడి, నడిమి బుడుపు కుంగిపోయింది. కాయలు కట్టలేదు. నా భార్య దాన్ని తీయనివ్వలేదు, అక్కడే మట్టిలో కలవనిచ్చింది. వానలు నిలకడగా పడ్డాక, పువ్వు లేచిన చోటే ఒక ఆకు వచ్చింది. అంతకుముందు ఏళ్లకంటే చిన్నది. అలసిపోయినట్టుంది.

పెళ్లి మూడు నెలల తర్వాత పెట్టుకున్నారు. ఖాలమ్మ మసాలా దినుసులన్నీ వేయించి, పెద్ద డబ్బాలో పోసి తెచ్చి మా గిర్ని ముందు పెట్టింది.

"నువ్వే పట్టాలె" అంది.

"మాడితే నాకు తెల్వదు ఖాలమ్మా."

"గా పువ్వు ఎచ్చగుందని మాకెవ్వరికి తెలిసింది? నీ చేతికి తెల్వనిది ఏమున్నది?"

నా భార్య మోటరు వేసింది. పొడి పడే చోట అరచెయ్యి పెట్టి కూర్చుంది. పొడి వెచ్చబడగానే ఆపేసింది, చల్లారనిచ్చింది, మళ్ళీ వేసింది. గంట పట్టే పనికి పూటంతా పట్టింది. చాచా ఎదురుగా స్టూలు మీద కూర్చుని గుప్పెడు గుప్పెడు తీసి వాసన చూస్తూ, "మంచిగున్నది, ఇంకో వాయి" అంటూ ఉన్నారు. ఆ పెళ్లి బిర్యానీని ఎవరూ తప్పుపట్టలేదు. ఇప్పుడు ఆమె మిరపకాయలు, పసుపు కూడా పడుతోంది.

వాసన పూర్తిగా తిరిగి రాలేదు. ఈమధ్య ఇంగువ తెలుస్తోంది అంటుంది. కిరోసిన్ తెలుస్తోంది. వాన పడ్డప్పుడు ఏదో తెలిసీ తెలియనట్టు ఉంటుందట. అంతే.

ఆకు వాడిపోయాక ఆ చలికాలం గడ్డ పక్కన తవ్వితే చిన్న పిలకలు నాలుగు కనిపించాయి. పుట్టింటికి వచ్చిన పెళ్లికూతురు మళ్ళీ అత్తవారింటికి పోయేటప్పుడు పెళ్లికొడుకు నానమ్మ కోసం ఒకటి మూట కట్టించుకుంది. దాన్ని ఆవిడ తన మంచం కనిపించే కిటికీ కింద పాతించుకుందట. వెలగపండంత పిలక, పూయడానికి ఇంకా ఎన్నేళ్లు పడుతుందో తెలియదు. ఆ మాట ఆవిడకు చెప్పారట కూడా. ఏటా వానలు మొదలవగానే ఆవిడ మనవడి భార్య చేత నా భార్యకు ఫోన్ చేయిస్తుంది. పోయిన వారం కూడా చేసింది.

"ఆకే వచ్చింది బేటీ. కాని ఈసారి నా నడుముల దాక ఉన్నది" అంది.